ఏడో నంబరు రాయి

"ఒక్క అడుగు ముందుకేస్తే బాగుండదు, చెప్తున్న!"

జేమ్స్ ఎత్తిన కాలు గాల్లోనే ఆగిపోయింది.

చుట్టూ చూశాడు. మనిషి జాడ లేదు. బెల్లంపల్లికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో, ఎప్పుడో మూతపడిన పాత బొగ్గుగని మీద ఉన్న చిన్న చెరువు అది. పేరు తుమ్మకుంట. ఎండాకాలమంతా నెర్రెలు బారి ఉండి, సోమవారం మృగశిర కార్తె తొలి వాన, మిరుగు వాన, పడ్డాక మోకాలి లోతు నీళ్లు పట్టింది. జేమ్స్ చంకలో ఎర్రజెండాల కట్ట ఉంది. భుజాన సంచీ ఉంది. గొంతు ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం తెలియలేదు.

"అటు ఇటు కాదు, కిందికి సూడు."

చూశాడు. బూటుకు జానెడు దూరంలో బురద ఉబ్బింది. మెల్లగా పగిలింది. ఆ పగులులోంచి ముందు సన్నటి ముక్కు, తర్వాత రెండు నిద్రకళ్లు, చివరికి పళ్లెమంత వీపు బయటికొచ్చాయి. తాబేలు. అది జేమ్స్‌ను ఎగాదిగా చూసింది. నెలల తరబడి పడుకుని లేస్తే మొదట కనబడేది ఇతనా అన్నట్టు మొహం తిప్పుకుని నీళ్లవైపు నడిచింది.

"పద్దెనిమిది!" అంది ఆ గొంతు, ఈసారి సంబరంగా.

తుమ్మపొద వెనక గోనెసంచి మీద బోర్లా పడుకున్న అమ్మాయి లేచి నిలబడింది. మోచేతుల దాకా బురద. మెడలో బైనాక్యులర్స్, చెవి వెనక పెన్సిల్, చేతిలో అట్ట చిరిగిన లావుపాటి నోట్‌బుక్. ఎడమ చెంప మీద ఒక బురద చుక్క. ఆ చుక్క సంగతి చెప్పాలా వద్దా అని జేమ్స్ రెండు క్షణాలు ఆలోచించి, ఉంటేనే బాగుందని ఊరుకున్నాడు.

"ఎవరు మీరు? గా జెండాలేంది?"

"సర్వే కంపెనీ మేడమ్, కరీంనగర్ నుంచి. ఇక్కడ భూమి జారుతుంది. మీరు గూడ జర కట్ట దిగి పోతే మంచిది."

"ఓహో. రేపటికల్ల ఊరు ఖాళీ చెయ్యాలెనని కాయితం అంటిచ్చింది మీరేనా?"

"కాయితం ఆఫీసోళ్లది. రిపోర్టు నాది."

"నలభై రెండు ఇండ్లు! మా నాయినమ్మ నిన్నటిసంది అన్నం ముట్టలే. ఏం జూసి రాసిన్రు?"

"కొలిచి రాసిన మేడమ్. ఏప్రిల్‌ల కుంట చుట్టూ ఏడు గుర్తులు పెట్టినం. మంగళవారం వచ్చి కొలిస్తే ఆరు ఉన్నకాడనే ఉన్నయి. ఏడోది పదకొండు మీటర్లు జరిగింది. ఫీటున్నర కిందికి దిగింది." జేమ్స్ గొంతులో కొంచెం గర్వం తొంగిచూసింది. ఉద్యోగంలో చేరి పది నెలలైంది. అంత పెద్ద రీడింగ్ కంపెనీలో సీనియర్లకు కూడా ఎప్పుడూ దొరకలేదు. "కింద గని కూలుతుందేమో. రాయి అబద్ధం చెప్పదు కదా."

ఆ అమ్మాయి మొహంలో కోపం తగ్గి దిగులు నిండింది. కట్ట అవతల కనబడుతున్న పెంకుటిళ్ల వైపు ఒకసారి చూసింది.

"మీరు మంగళవారం ఈడనే ఉన్నరా? అయితే దొంగ గిట్ల ఎవడన్న కనబడ్డడా?"

"దొంగనా?"

"తాబేళ్ల దొంగ."

ఆమె పేరు క్యాథరిన్. బెల్లంపల్లి డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తుంది. చేతిలో ఉన్న నోట్‌బుక్ మాత్రం ఆమెది కాదు, వాళ్ల తాతది. ఆయన ఈ కుంట కింది గనిలోనే ముప్పై ఏళ్లు పనిచేశాడు.

"గనిల దిగేటోళ్లకు లాంప్ రూంల దీపాలిస్తరు. షిఫ్టు అయినంక దీపాలు లెక్కవెట్టుడు మా తాత పని. ఒక్కటి తక్కువైనా ఎవరో కిందనే ఉన్నరని లెక్క. మా తాత రిటైరయినంక గూడ ఆ అలవాటు పోలే. మిరుగు పడంగనే వచ్చి ఈడ కూసునేటోడు. ఎండాకాలం మన్నుల పండుకున్న తాబేళ్లు ఒక్కొక్కటి లేస్తుంటే రాసుకునేటోడు. అన్ని పైకొచ్చినంకనే ఇంటికిపోయి దేవునికి స్తోత్రం చెప్పి అన్నం తినేటోడు. ఆయన పోయి నాలుగేండ్లు. ఇప్పుడు నేను రాస్తున్న."

"ఎన్ని ఉంటయి?"

"పందొమ్మిది. ఇప్పుడు మీ కాలు కింద పడబోయి బతికింది పద్దెనిమిదోది. పందొమ్మిదోది అన్నిటికన్న ముసలిది. దాని పెంకు అంచుకు చిన్న నొక్కు ఉంటది. తాతకు అదంటే పాణం. మంగళవారం సాయంత్రం ఈ కట్ట పక్కన సగం మన్నుల కనబడ్డది. దాని వీపు మీద ఎవడో దుర్మార్గుడు పెయింటుతోటి నంబరు రాసిండు! కడుగుదామని బకెట్ తెచ్చేసరికి మాయం. ఎత్తుకపోవుటానికే గుర్తు పెట్టుకున్నడని నా అనుమానం. ఫారెస్టోళ్లకు చెప్పిన. వాడు దొరకాలె, నేనే వాని వీపు మీద నంబర్లు రాస్త. ఇగో, ఫోటో సూడుండ్రి."

జేమ్స్ చూశాడు.

తెల్లటి ఎనామిల్ పెయింటు. ఏడు అంకె. మధ్యలో చిన్న అడ్డగీత.

ఏడుకు నడుమ అడ్డగీత పెట్టే అలవాటు కంపెనీ మొత్తంలో ఒక్కడికే ఉంది.

సరిగ్గా అప్పుడే వెనకనుంచి రెండు టీ కప్పులతో బాలమల్లు వచ్చాడు. సర్వేలో కొలతకర్ర పట్టుకునే మనిషి, యాభై దాటినవాడు. ఫోన్లోకి తొంగిచూసి, "సారూ! గిది మన రాయి..." అన్నాడు.

జేమ్స్ అతని కాలు తొక్కాడు. టీ ఒలికింది.

"ఏంది, మీ రాయా?" అంది క్యాథరిన్.

"రాయిలెక్క ఉందంటుండు మేడమ్. ఒక్క నిమిషం. ఫోన్ చేసుకొస్త."

కట్ట దిగి ఇరవై అడుగులు నడిచేసరికి అతని చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

ఏప్రిల్ నెల. నలభై ఐదు డిగ్రీల ఎండ. ఆరు ఇనుప పెగ్గులు సిమెంటు పోసి పాతారు. ఏడోదానికి సిమెంటు అయిపోయింది. తేవాలంటే బెల్లంపల్లి పోవాలి. అప్పుడే ఎండిన కుంటలో, మట్టిలో కూరుకుపోయి గుండ్రటి రాయి కనబడింది. పైన మన్ను ఊడ్చి, సొంత చేత్తో ఏడు రాశాడు. పెగ్గుకన్నా గట్టిది దొరికిందని మురిసిపోయాడు కూడా.

ఆ రోజే బాలమల్లు అన్నాడు. "సారూ, కర్ర ఊగుతుంది. రాయి ఊపిరి తీస్కుంటున్నట్టుంది."

"ఊగేది నీ చెయ్యి. కల్లు తగ్గియ్యి మల్లన్నా" అన్నాడు జేమ్స్.

ఇప్పుడు బాలమల్లు పక్కనే వచ్చి నిలబడి, ఏమీ అనకుండా మిగిలిన టీ చప్పరిస్తున్నాడు. ఆ చప్పుడే వంద తిట్లకు సమానంగా ఉంది.

"మల్లన్నా, తప్పయింది. నువ్వు చెప్పింది నిజమే."

"నేను కల్లు బంద్ చేసి నెలాయె సారూ, మీ మాట విని" అన్నాడు బాలమల్లు బాధగా.

జేమ్స్ కరీంనగర్‌కు ఫోన్ చేశాడు. యజమాని శ్రీధర్‌రావు అంతా విన్నాడు. 

"ఈ ముచ్చట ఇంకెవరికి తెలుసు?"

"మల్లన్నకు, నాకు."

"అట్లనే ఉండనియ్యి. వానకు మిషన్ తప్పు చూపిచ్చిందని రాద్దాం. నెల రోజులల్ల మళ్ల సర్వే పెట్టి, అంతా బాగుందని చెప్దాం."

"నెల దాకా ఊరోళ్లు, సార్?"

"స్కూల్ల ఉంటరు. తాబేలు మీద నంబరేసినమని తెలిస్తే మనకు ఇంకెవరు పనిస్తరయ్యా? నీ పర్మనెంట్ లెటర్ టైప్ అయ్యి టేబుల్ మీదుంది. సంతకం ఒక్కటే తక్కువ. సోచాయించుకో."

ఫోన్ పెట్టేశాక జేమ్స్ ఊరివైపు చూశాడు. ఒక ఇంటి ముందు ట్రాక్టర్‌లోకి మంచం ఎక్కిస్తున్నారు. మంచం మీద బియ్యం మూట, మూట మీద బోనులో కోడి. జేమ్స్ తండ్రి దేవసహాయం ఆ పర్మనెంట్ లెటర్ కోసం పది నెలలుగా ప్రతి ఆదివారం చర్చిలో ప్రార్థన చేయిస్తున్నాడు. దేవుడు ఆ ప్రార్థన విన్నాడేమో. విని, ఇలాంటి చోట తెచ్చి నిలబెట్టాడు.

అతను తిరిగి కట్ట ఎక్కాడు.

"మేడమ్, మీ దొంగ దొరికిండు."

"ఏడీ?"

"మీ ముందలనే ఉన్నడు."

క్యాథరిన్‌కు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అతని సంచీలోంచి బాలమల్లు పెయింటు డబ్బా తీసి చూపించాక మొత్తం అర్థమైంది. తిడుతుందనుకున్నాడు. కొడుతుందని కూడా అనుకున్నాడు. ఆమె మాత్రం చాలా నెమ్మదిగా అడిగింది.

"అంటే భూమి జారలే?"

"ఇంచు గూడ జారలే. తాబేలు నడిచింది."

"గీ మాట ఊరి ముందట చెప్తవా?"

'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని జేమ్స్ గమనించాడు. గౌరవం తగ్గినందుకు బాధపడాలి. ఎందుకో బాధ కలగలేదు.

"చెప్త" అన్నాడు.

చెప్పాడు. చర్చి ముందు అరుగు మీద నిలబడి, అంకె రాసిన దగ్గరనుంచి అంతా చెప్పాడు. ముందు ఎవరూ నమ్మలేదు. నమ్మాక ఎవరూ ఊరుకోలేదు.

"పొయ్యి గూడ పీకి పెట్టిన గదరా, నీ కొలతలు పాడుగాను!" అని ఆ ఊరి యాదవ్వ చీపురు ఎత్తింది.

ఆమె చేయి పట్టుకుని ఆపింది క్యాథరిన్ వాళ్ల నాయినమ్మ మగ్దలేనమ్మ. డెబ్బై దాటిన మనిషి. జేమ్స్‌ను దగ్గరికి పిలిచి, అద్దాలు సర్దుకుని మొహంలోకి చూసింది. తర్వాత ఆమె భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందేమోనని జేమ్స్ భయపడ్డాడు. ఆమె నవ్వుతోంది.

"గాడిద మాట్లాడిన ముచ్చట బైబిల్ వాక్యంల సదివిన. తాబేలు ఊరు లేపిన ముచ్చట ఇగో ఇప్పుడు సూస్తున్న. అరే యాదవ్వా, ఇల్లు ఉన్నది అని చెప్పినోన్ని కొడతవానే? ముందుగాల నా గిన్నెలు దింపుండ్రి, ఆకలైతుంది!"

కానీ గిన్నెలు దించడం అంత సులువు కాలేదు. నోటీసు వెనక్కి తీసుకోవాల్సిన అధికారి భానుప్రసాద్ ఫోన్‌లో మండిపడ్డాడు.

"నిన్న భూమి కదిలిందంటివి, ఇయ్యాల తాబేలంటున్నవు. రేపు నక్కంటవా? నాలుగింటికి నేనే వస్త. ఆ తాబేలు నాకు కనబడాలె. లేకుంటే పొద్దుగాల బండ్లు వస్తయి, అంతే."

అప్పటికి సమయం ఒకటిన్నర.

జేమ్స్ ప్యాంటు మడిచి కుంటలోకి దూకబోయాడు. వెనకనుంచి కాలర్ పట్టుకుని గుంజింది క్యాథరిన్.

"ఏం జేస్తున్నవ్?"

"వెతుకుత."

"వెతికితే దొరకదు. ముట్టుకునుడు గూడ తప్పు. నీళ్లు కదిలినయంటే బురదల జొరబడి రేపటి దాకా లేవదు. కూసో. కదలకు, మాట్లాడకు. దాని ఇష్టమైనప్పుడు అదే వస్తది."

"రాకపోతే?"

"మాట్లాడొద్దన్న."

తుమ్మపొద వెనక గోనెసంచి ఒకటే ఉంది. ఒక చివర ఆమె, ఇంకో చివర అతను. ముప్పావుగంటకు సన్నగా వాన మొదలైంది. ఆమె దగ్గర గొడుగు ఉంది. విప్పింది. నోట్‌బుక్ మీద పట్టింది.

జేమ్స్ తడుస్తూ ఆమెవైపు చూశాడు. ఆమె చూడలేదు. ఇంకో పది నిమిషాలకు గొడుగు జానెడు ఇటు జరిగింది. అతని ఎడమ భుజానికి వాన ఆగింది. ఆ భుజానికున్నంత అదృష్టం కుడి భుజానికి లేకపోయింది.

అతనికి తుమ్ము వచ్చింది. ముక్కు గట్టిగా పట్టుకుని, కళ్లు తేలేసి, ఎలాగో మింగేశాడు. క్యాథరిన్ పెదవి కొరుక్కుంది. నోట్‌బుక్ చివరి పేజీ తెరిచి ఏదో రాసి ఇటు తిప్పింది.

'తుమ్మితే చంపేస్తా.'

అతను పెన్సిల్ అందుకుని కింద రాశాడు. 'కోపం పోయిందా?'

'సగం.'

'మిగిలిన సగం?'

'తాబేలు వచ్చాక చూద్దాం.'

కొంతసేపు వాన. తర్వాత ఆమే రాసింది. 'ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు కదా. ఎందుకు చెప్పావు?'

అతను పెన్సిల్ అందుకుని రాశాడు. 'మీ తాత దీపాలు లెక్కపెట్టేవాడన్నావు. నలభై రెండు ఇళ్లలో పొయ్యి వెలగకపోతే ఆ లెక్క నేను ఎవరికి చెప్పాలి?'

క్యాథరిన్ అది రెండుసార్లు చదివింది.  గొడుగు ఇంకో జానెడు ఇటు జరిగింది. ఇప్పుడు అతని కుడి భుజానికీ వాన ఆగింది.

మూడు దాటింది. మూడున్నర దాటింది. ఒక కొంగ వచ్చి వీళ్లను కూడా పొదలో భాగమనుకుని పక్కనే నిలబడింది. సరిగ్గా నాలుగింటికి కట్ట కింద జీపు ఆగింది. భానుప్రసాద్ గొడుగుతో బురదలో జారుకుంటూ వచ్చాడు. వెనక బాలమల్లు, ఆ వెనక సగం ఊరు.

"ఏదయ్యా నీ నడిచే రాయి?"

జేమ్స్ చేయెత్తి ఆగమన్నట్టు చూపించాడు. ఒక అధికారికి సైగ చేసి ఆపడం అతని జీవితంలో అదే మొదటిసారి.

ఐదు నిమిషాలు గడిచాయి. భానుప్రసాద్ గడియారం చూసుకున్నాడు. పెన్ను తీశాడు. మగ్దలేనమ్మ కళ్లు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి.

నీళ్ల మీద ఒక చిన్న ముక్కు తేలింది.

క్యాథరిన్ వేళ్లు జేమ్స్ మణికట్టును పట్టుకున్నాయి. గట్టిగా. పట్టుకున్నట్టు ఆమెకే తెలియదు. జేమ్స్‌కు మాత్రం తాబేలు ఇంకో గంట ఆలస్యంగా వచ్చినా ఫికర్ లేదనిపించింది.

ముక్కు మునిగింది. మళ్లీ తేలింది, ఈసారి ఒడ్డుకు దగ్గరగా. ముసలి తాబేలు తాపీగా బురద ఎక్కింది. పెంకు అంచున చిన్న నొక్కు. నడివీపున తెల్లగా, అడ్డగీతతో సహా, ఏడు. అది నాలుగడుగులు నడిచి భానుప్రసాద్ బూటు ముందు ఆగింది. బూటును వాసన చూసింది. నచ్చలేదు. చుట్టుతిరిగి వెళ్లిపోయింది.

ఊరంతా దాని వెంట తలలు తిప్పింది.

"మల్లన్నా," అన్నాడు భానుప్రసాద్ చివరికి, గొంతు సర్దుకుని, "రాయి ఇప్పుడు ఎన్ని మీటర్లు జరిగింది?"

"రెండుంటది సార్" అన్నాడు బాలమల్లు గంభీరంగా. "ఊపిరి గూడ తీస్కుంటుంది. ఏప్రిల్‌లనే చెప్పిన."

నవ్వు ముందు అధికారి దగ్గరే మొదలైంది. మిగిలిన ఆరు పెగ్గులూ ఆయన తన ముందే కొలిపించాడు. వెంట్రుకవాసి తేడా లేదు. జీపు బానెట్ మీదే కాగితం పెట్టి నోటీసు రద్దు రాశాడు.

"పందొమ్మిది" అంది క్యాథరిన్. నోట్‌బుక్‌లో ఆ అంకె రాసుకుంది. "అందరూ పైకొచ్చిన్రు తాతా."

ఆ సాయంత్రమే శ్రీధర్‌రావు ఫోన్ చేశాడు.

"లెటర్ చింపేసిన" అన్నాడు. "ఇంకో ఏడాది నువ్వు టెంపరరీ. ఆ ఏడో పెగ్గు నీ సొంత సిమెంటుతో పాతాలె. ప్రతి నెలా నువ్వే పోయి రీడింగ్ తియ్యాలె. బస్ చార్జీలు గూడ నీయే. ఇదీ నీకు శిక్ష. ఏమంటవు?"

జేమ్స్ ముక్కు ఎగబీల్చాడు.

"ఏందయ్యా, ఏడుస్తున్నవా?"

"లేదు సార్. థాంక్యూ సార్. మస్తు థాంక్స్ సార్!"

ఇలాంటి శిక్షకు ఇంత సంతోషపడిన మనిషిని శ్రీధర్‌రావు అంతకుముందు చూడలేదు.

జూలైలో మొదటి రీడింగ్‌కు వచ్చిన రోజే మగ్దలేనమ్మ ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన కూడిక పెట్టారు. ఇల్లు నిలిచినందుకు. పాటలయ్యాక ఒక్కొక్కరూ లేచి సాక్ష్యం చెప్తున్నారు. యాదవ్వ తన కొత్త పొయ్యికి స్తోత్రం చెప్పింది. బాలమల్లు కూడా ఎవరూ అడగకుండానే లేచి, తన చెయ్యి ఊగలేదని రుజువు చేసిన దేవునికి వందనాలు అన్నాడు.

జేమ్స్ వంతు వచ్చింది.

"నేను తప్పు చేసిన" అన్నాడు తల వంచుకుని. "నా తప్పును నా ముందుకు నడిపిచ్చుకొచ్చిన ఆ ముసలి తాబేలుకు వందనాలు. చీపురు ఎత్తి గూడ కొట్టని యాదవ్వకు, ఆకలైతుందన్న నాయినమ్మకు వందనాలు. ఇంకొకరు..." ఆగాడు. క్యాథరిన్ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. "ఇంకొకరు వానల నాకు సగం గొడుగు ఇచ్చిన్రు. వాళ్లకు ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు."

జనం అందరూ ఒక్కసారి గుమ్మంవైపు తిరిగారు. ఆమె లోపలికి మాయమైంది.

భోజనాల దగ్గర అతని పక్కన నోట్‌బుక్ పెట్టి వెళ్లిపోయింది. పెన్సిల్ గుర్తుగా పెట్టిన పేజీ తెరిచాడు. గళ్లు గీసిన ఆ పేజీలో పందొమ్మిది వరసలు. పేరు, మొదట కనబడిన రోజు, వాతావరణం, గుణం. చివరి గడి, మళ్లీ వచ్చిందా. పందొమ్మిదో వరసకు ఎదురుగా, 'ఏడు సగం రాలిపోయింది. ఆరోగ్యంగా ఉంది' అని రాసి ఉంది.

కింద ఇరవయ్యో వరస.

'జేమ్స్. శుక్రవారం, ఉదయం. మబ్బు, తర్వాత వాన. చూడకుండా అడుగు వేస్తాడు. కూర్చోమంటే కూర్చుంటాడు. నిజం చెప్తాడు. మిగిలిన సగం కోపం కూడా పోయింది.'

చివరి గడి ఖాళీగా ఉంది.

జేమ్స్ తల ఎత్తాడు. క్యాథరిన్ చారు గిన్నె పట్టుకుని, ఇటు చూడనట్టే చూస్తోంది. ఎడమ చెంప మీద ఈసారి పసుపు చుక్క. అతను పెన్సిల్ తీసి ఖాళీ గడిలో 'ప్రతి నెలా వస్తాడు' అని రాయబోయాడు.

వెనకనుంచి ముడతలు పడ్డ చెయ్యి వచ్చి పెన్సిల్ లాక్కుంది. మగ్దలేనమ్మ అద్దాలు పైకి తోసుకుని పేజీ మొత్తం చదివింది. చదవడానికి ఆమె ఎవరి అనుమతీ అడగలేదు.

"నెలకొకపారి వచ్చుడేంది కొడకా, బస్ చార్జీలు దండుగ" అంది. "పోకుండ ఉంటే మళ్ల వచ్చే పనే లేదు గద. మీ బాపును రమ్మను, మాట్లాడుత."

చారు గిన్నె వంటింట్లో ఎక్కడో ఠంగుమని కింద పడింది.

బయట మళ్లీ వాన అందుకుంది. కుంటవైపునుంచి తడిమట్టి వాసన వచ్చింది. జేమ్స్ ఫోన్ తీసి, కరీంనగర్‌లో ఉన్న తండ్రి నంబరు నొక్కాడు.

"బాపూ," అన్నాడు, "నీ ప్రార్థన విన్నడు. కానీ లెటర్ ఇయ్యలే. దానికన్న మంచిది ఇచ్చిండు. తొందరగ బయలుదేరు."